ఎంటీయూ అంటే ఒక ఊరు

ఒడిశాలోనో, పశ్చిమ బెంగాల్‌లోనో, ఛత్తీస్‌గఢ్‌లోనో విత్తనాల దుకాణానికి వెళ్లి వరి విత్తనం అడిగితే, చూపించే బస్తాల్లో చాలావాటి మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఎంటీయూ 7029. ఎంటీయూ 1010. ఎంటీయూ 1001. కొనే రైతుకు ఆ అంకె బాగా తెలుసు. ముందున్న మూడక్షరాలు కంపెనీ పేరో, ప్రభుత్వ శాఖ పేరో అనుకుంటాడు. అది ఒక ఊరి పేరు. పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మార్టేరు.

గోదావరి డెల్టాలో చదువుల ఘనత గురించి మాట్లాడాలంటే ఆ మూడక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడ కాలేజీలకు లోటు లేదు. జూన్ వచ్చేసరికి భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ సెంటర్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. ఎవరికి ఏ కంపెనీలో ఎన్ని లక్షల ప్యాకేజీ వచ్చింది, ఎవరికి ఏ ర్యాంకు వచ్చింది అన్నది ఫొటోలతో సహా అచ్చవుతుంది. ఆ పిల్లల కష్టం నిజం, వాళ్ల ఇళ్లలో ఆ రోజు జరిగే పండగ కూడా నిజం. అయితే ఒక విద్యాసంస్థ ఏం సాధించిందో చెప్పడానికి ఫ్లెక్సీ చాలదు. ఈ గడ్డ మీది సంస్థలు చేసిన పెద్ద పనుల్లో చాలావాటికి ఒక్క మనిషి ఫొటో పెట్టడం కుదరదు. పైగా వాటిలో ఎక్కువ భాగం డెల్టాకున్న సొంత బాధల్లోంచి పుట్టాయి. ముంపు, దోమ, పడిపోయే చేను, ఎండిపోయే కొబ్బరి మట్ట, వాచిన కాలు.

చదువుల చరిత్ర మాత్రం పాతదే. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ 1853లో పాఠశాలగా మొదలై 1873లో కళాశాల అయింది. కందుకూరి వీరేశలింగం అక్కడ తెలుగు పండితులుగా పనిచేశారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు చేతిలోని బొమ్మను గుర్తించి అతన్ని బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, మశూచితో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిటి చిత్రశాలలో ఇప్పటికీ ఉన్నాయి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల 1884 నుంచి ఉంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు అక్కడ చదివారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక ఈ జిల్లాల డిగ్రీ కాలేజీలన్నీ దాని కింద నడిచాయి. పైచదువు అంటే విశాఖ రైలెక్కడమే. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది 2006లో. అంటే గోదావరి జిల్లాల సాధారణ డిగ్రీ కాలేజీలకు తమదంటూ ఒక విశ్వవిద్యాలయం రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

ఆ ఎనభై ఏళ్లలో విశ్వవిద్యాలయమనే పేరు లేకుండానే ప్రపంచస్థాయి పరిశోధన జరిగిన చోటు మార్టేరు.

అక్కడ వరి పరిశోధన స్థానం 1925లో మొదలైంది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టాకు కాలువ నీళ్లు వచ్చాయి, సార్వా, అంటే వానాకాలపు వరి, ధైర్యంగా వేసుకునే రోజులు వచ్చాయి, తరవాత రెండో పంట దాళ్వా కూడా కలిసింది. నీళ్లతో పాటు నీళ్ల కష్టాలు కూడా వచ్చాయి. నేల పల్లం, మురుగు కదలదు, కోతల వేళకు బంగాళాఖాతంలో తుఫాను లేస్తుంది. ఎత్తుగా పెరిగే పాత రకాలు గింజ బరువెక్కగానే గాలికి పడిపోయేవి. పడిన చేను నీళ్లలో నానితే కంకి మీదే మొలక వచ్చేది. 1970ల నుంచి సుడిదోమ తోడైంది. మొక్క మొదట్లో చేరి రసం పీల్చే ఈ పురుగు పచ్చటి చేనును సుళ్లు సుళ్లుగా మాడ్చేస్తుంది. పొద్దున గట్టు మీద నుంచి చూస్తే నిప్పు పెట్టినట్టు గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. ఈ బాధలన్నిటికీ ఒక్క విత్తనంలో ఎంతవరకు జవాబు పెట్టగలం అన్నదే మార్టేరు పని.

ఆ పని ఎలా సాగుతుందో తెలిస్తే తప్ప దాని విలువ తెలియదు. వరి పువ్వు పొద్దున తొమ్మిది దాటాక విచ్చుకుని కాసేపటికే మూసుకుంటుంది, దాని పుప్పొడి దాని మీదే రాలుతుంది. రెండు రకాలను కలపాలంటే ముందు రోజు సాయంత్రం తల్లి మొక్క కంకిని పట్టుకుని, ఒక్కో పువ్వు కొస కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ తీసేసి, కంకికి కాగితం సంచి తొడగాలి. మర్నాడు తండ్రి మొక్క కంకి తెచ్చి దాని మీద దులపాలి. అంత కష్టపడితే దక్కేవి కొద్ది గింజలు. వాటి రెండో తరంలో వేల మొక్కలు వేలరకాలుగా వస్తాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి తొందరగా పండేది, ఒకటి తాలు. పంట పంటకీ ఏరుకుంటూ ఆరేడు తరాలు నడిస్తేగాని గుణం స్థిరపడదు. అప్పుడు దిగుబడి పరీక్షలు, వేరే కేంద్రాల్లో పరీక్షలు, ఆపైన చిరు సంచుల్లో విత్తనమిచ్చి రైతుల పొలాల్లో వేయించి చూసే దశ. పేరు పెట్టి విడుదల చేసేసరికి పదేళ్లు దాటడం మామూలే.

మధ్యలో దోమ పరీక్ష ఒకటి ఉంటుంది. ట్రేలలో వరుసలుగా నారు పెంచి దోమ పిల్లలను వదులుతారు. టీఎన్‌1 అనే రకం దోమకు అసలు ఆగలేదు, దాన్ని కొలబద్దగా పక్కనే వేస్తారు. అది పూర్తిగా మాడిన రోజున మిగతా వరుసలు ఎంత పచ్చగా నిలిచాయో చూసి మార్కులు వేస్తారు. ఎమ్మెస్సీ విద్యార్థి థీసిస్ అంటే ఇలాంటి ట్రేల ముందు గడిచిన రెండేళ్లు కావచ్చు.

విద్యార్థుల ఘనత ఫ్లెక్సీకి ఎక్కకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు. రకం తయారవడానికి పదేళ్లకు పైన. కాబట్టి ఏ విద్యార్థీ ఒక రకాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడడు. ఒకరు దోమ పరీక్ష చేసి వెళ్తారు, ఇంకొకరు మిల్లులో నూక శాతం లెక్కగడతారు, మరొకరు ముంపు నీటి తొట్లలో మొక్కలు ముంచి రోజులు లెక్కపెడతారు. ఆ లెక్కలు స్టేషన్ రిజిస్టర్లలో చేరతాయి. శాస్త్రవేత్తల బదిలీలు, పదవీ విరమణలు మధ్యలో జరిగిపోతాయి. ఊడ్పులు ఊడ్చి, కంకులు కోసి, సంచుల మీద నంబర్లు రాసే ఫీల్డు కూలీలు మాత్రం చాలాసార్లు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే అయి ఉంటారు. ఏ వరుస ఎక్కడ మొదలైందో వాళ్లకు కంఠతా ఉంటుంది. బస్తా మీద మనిషి పేరు కాకుండా ఊరి పేరు ఉండటం ఆ పని జరిగిన తీరుకు సరిగ్గా సరిపోతుంది.

ఎంటీయూ 7029 కథ చూడండి. 1982లో స్వర్ణ పేరుతో విడుదలైంది. తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే గోదావరి పాయ పేరు కూడా వశిష్ఠే. మసూరి మనదనుకుంటాం గానీ అది మలేషియా నుంచి 1960లలో వచ్చిన రకం. అన్నం బాగుంటుంది, చేను మాత్రం ఎత్తుగా పెరిగి పడిపోతుంది. ఆ గింజ మంచితనాన్ని పొట్టి మొక్కకు ఎక్కించడమే స్వర్ణలో జరిగింది. ఎరువు తక్కువైనా మరీ చిన్నబుచ్చని దిగుబడి, 150 రోజుల పంటకాలం, బంగారు రంగు పొట్టు. గోదావరి సార్వా కోసం చేసిన ఈ రకం, వర్షం మీద ఆధారపడ్డ తూర్పు భారతపు పల్లపు భూములకు అచ్చంగా సరిపోయింది. ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్ దాటి, ప్రభుత్వ విడుదల ఏదీ లేకుండానే రైతు చేతి నుంచి రైతు చేతికి బంగ్లాదేశ్ చేరింది. అక్కడ గుటి స్వర్ణ అంటారు.

స్వర్ణకు రెండో జన్మ కూడా ఉంది. ఒడిశా పాత రకం ఎఫ్‌ఆర్‌13ఎ పూర్తిగా నీట మునిగినా కొన్నాళ్లు బతుకుతుంది. దానికి కారణమైన సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. మామూలు వరి మునగగానే నీటి పైకి రావాలని గబగబా సాగి, నిల్వ ఉన్న శక్తినంతా ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఈ జన్యువున్న మొక్క సాగదు. ఊపిరి బిగబట్టినట్టు ఉండిపోయి, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ గుణాన్ని ఎక్కించడానికి స్వర్ణను ఎంచుకుంది, ఎందుకంటే రైతులు అప్పటికే దాన్ని ప్రేమించారు. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. ఒడిశా రైతుల పొలాల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇంకో సంగతి కూడా తేల్చింది. ముంపు పడే పల్లపు భూములు ఎక్కువగా దళితుల చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఈ విత్తనం మేలు వాళ్లకే ఎక్కువ అందింది. మార్టేరులో ఒక సాయంత్రం ఎవరో కత్తిరించిన కంకి ఇంత దూరం వెళ్లింది. ఏ విశ్వవిద్యాలయమైనా గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఇది. డెల్టాలో పదో తరగతి పిల్లలకే ఈ సంగతి తెలియకపోవడం బాధగా ఉంటుంది.

చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. 235 వరి రకాల్లో అన్నం తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో పరీక్షిస్తే, తక్కువగా పెంచే రకాల్లో స్వర్ణ నిలిచింది. 2000లో వచ్చిన ఎంటీయూ 1010కి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. కృష్ణవేణి, ఐఆర్ 64 దాని తల్లిదండ్రులు. 120 రోజుల పంట కావడంతో దాళ్వాకు బాగా కుదిరింది.

వ్యవసాయ, ఉద్యాన విద్యార్థుల క్యాంపస్ జీవితంలో మరపురానిది హాస్టల్ కంటే ఊళ్లో గడిపిన కాలం. వ్యవసాయ బీఎస్సీ చివరి ఏడాదిలో రావెప్ అనే కార్యక్రమం కింద పిల్లలను ఊళ్లకు పంపుతారు. ఒక్కో విద్యార్థికీ ఒక రైతును అప్పగిస్తారు. నారుమడి నుంచి ఆ రైతు వెంట తిరగాలి, ఖర్చు రాసుకోవాలి, ఏ పురుగు ఎప్పుడు వచ్చిందో నోట్ చేసుకోవాలి. పట్నంలో పుట్టి ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) రాసి వచ్చిన పిల్లకు దమ్ము చేసిన మడిలో కాలు పెట్టడం అదే మొదటిసారి కావచ్చు. పుస్తకంలో ఎకరాకు ఇన్ని కిలోల యూరియా అని చదివిన పిల్లాడికి, కౌలు రైతు ఆ యూరియా ఎప్పుడు అప్పు తెచ్చి కొంటాడో అప్పుడు తెలుస్తుంది. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ విన్న మాటకు మార్కులుండవు. కానీ తరవాత అదే పిల్లాడు వ్యవసాయాధికారి అయినప్పుడు పనికొచ్చేది ఆ మాటే. డిగ్రీ చదువులన్నిటిలో ఇలాంటి ఒక భాగం ఉండాలి. కామర్స్ పిల్లలకు ధాన్యం మిల్లు లెక్కలు, తెలుగు పిల్లలకు లంక ఊళ్ల మాటలు ఎందుకు ఉండకూడదు?

తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కింద కోనసీమలో అంబాజీపేట పరిశోధన స్థానం ఉంది. కోనసీమలో కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకుగా చూస్తారు. తాటిపాక తెగులు అని శాస్త్రగ్రంథాల్లో కనిపించే కొబ్బరి జబ్బు ఈ కోనసీమ ఊరి పేరే మోస్తోంది. ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకాన్ని మన పొట్టి రకం గంగాబొండంతో కలిపి తీసిన గోదావరి గంగ హైబ్రిడ్ అంబాజీపేటదే. ఇటీవలి కాలంలో ఆ స్థానానికి పేరు తెచ్చింది మాత్రం సర్పిలాకార తెల్లదోమ మీద పోరాటం. 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించిన ఈ దోమ కొన్నేళ్లకే గోదావరి తోటలకు పాకింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు చుట్టినట్టు గుడ్లు పెడుతుంది. దాని జిగురు కింది ఆకుల మీద, అరటి మీద, ఇంటి రేకుల మీద పడి నల్లటి మసి పడుతుంది. భయపడిన రైతులు మందు కొట్టమంటారు. మందు కొడితే ఆ దోమ పిల్లలను లోపల్నుంచి తినే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి మిత్రపురుగు ముందు చస్తుంది, దోమ ఇంకా పెరుగుతుంది. అందుకే అంబాజీపేట వాళ్లు ఐసేరియా అనే శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి రైతులకు అందించారు. చల్లాక అది దోమ ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది, మిత్రపురుగును బతకనిస్తుంది. మందు కొట్టకండి, కొన్నాళ్లు ఓపిక పట్టండి అని నష్టపోతున్న రైతుకు చెప్పడం తేలిక కాదు. తోట తోటకీ తిరిగి ఆ మాట చెప్పి ఒప్పించడం కూడా పరిశోధనలో భాగమే. పత్రికల్లో అచ్చయ్యే వ్యాసాల లెక్కలో దానికి చోటు లేదు.

ఊరు దాటి వెళ్లినవాళ్ల లెక్క వేరు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో బడి చదువు చదివి మద్రాసులో వైద్యం నేర్చుకున్నారు. అప్పటికి డెల్టాలో మెడికల్ కాలేజీ లేదు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వచ్చింది 1958లో, ఆయన పోయిన పదేళ్లకు. అమెరికాలో ఆయన బృందం చేసిన పనుల్లో ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ గురించి అందరూ చెబుతారు. గోదావరి వాళ్లు ముందు తలుచుకోవలసింది డీఈసీ. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మాత్ర బోదకాలు వ్యాధికి మందు. కాలువలు, మురుగు, దోమలు ఉన్న డెల్టాలో ఆ వాచిన కాళ్లు ప్రతి ఊళ్లో కనిపించేవి. బోదకాలుపై శిక్షణ, పరిశోధన కోసం దేశంలో పెట్టిన ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలోనే ఉండటం ఊరికే కాదు. 2004 నుంచి దేశంలో ఊరందరికీ ఒకేరోజు మింగించిన మాత్ర కూడా అదే. ఊరు వదిలి వెళ్లిన కుర్రాడి పని ఊరి కాలికి మందై తిరిగొచ్చింది.

ఇంత చెప్పాక చేరుకోని చోటు గురించి కూడా చెప్పాలి. విత్తనం అన్నిటినీ గెలవలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నారు పోయకుండా పంట విరామం ప్రకటించారు. చేతిలో మంచి రకాలు ఉండగానే ఆ పని చేశారు. ధర గిట్టక, కూలి ఖర్చు భరించలేక, మురుగు కదలక. మొదటి రెండూ ప్రభుత్వాల చేతుల్లో ఉన్నవి. మూడోది ఇంజినీరింగ్ కాలేజీల గుమ్మంలో ఉన్న ప్రశ్న. కాకినాడ జేఎన్‌టీయూ 1946లో పెట్టిన ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల నుంచి ఎదిగి 2008లో విడి విశ్వవిద్యాలయం అయింది. భీమవరంలో 1980 నుంచి ఎస్‌ఆర్‌కేఆర్ ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. డెల్టా నీళ్ల గురించి చదవడానికి ఇంతకంటే మంచి చోట్లు దొరకవు.

ఈ డెల్టా కాలేజీల్లో చదివే పిల్లల్లో చాలామంది ఇంటి నుంచే వస్తారు. తెల్లారకముందే క్యారేజీ సర్దుకుని కాలేజీ బస్సు ఎక్కేవాళ్లు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దిగేవాళ్లు, రాజానగరం దగ్గర హైవే మీద దిగి నన్నయ క్యాంపస్‌కు నడిచేవాళ్లు. వర్షాకాలంలో బస్సు కిటికీలోంచి మునిగిన చేలను రోజూ చూస్తారు. సాయంత్రం ఇంటికెళ్తే అదే చేను గురించి నాన్న టెన్షన్ వింటారు. ఇంత దగ్గరగా ఉన్న సమస్య వాళ్ల ఫైనలియర్ ప్రాజెక్టులోకి రాకుండా పోవడానికి కారణం పిల్లలు కాదు. ఒక బ్యాచ్ చేసిన పనిని తరవాతి బ్యాచ్ అందుకునే పద్ధతి చాలా కాలేజీల్లో లేకపోవడం. ప్రతి ఏడాదీ కొత్త ప్రాజెక్టు, కొత్త సీడీ, బీరువా.

మార్టేరు పద్ధతి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ఒక్క మురుగు కాలువను తీసుకుంటే చాలు. మొదటి బ్యాచ్ దాని పొడవునా లెవెల్స్ తీసి, ఎక్కడ పూడింది, ఎక్కడ గుర్రపుడెక్క పట్టింది, ఎక్కడ చెరువు గట్టు కాలువలోకి జరిగింది అన్నది పటం వేస్తుంది. రెండో బ్యాచ్ అదే చోట్ల వానాకాలమంతా నీటిమట్టం కొలుస్తుంది. మూడో బ్యాచ్ వాన పడ్డాక ఏ గ్రామం చేను ఎన్ని రోజులకు బయటపడిందో రైతులను అడిగి రాస్తుంది. నాలుగో బ్యాచ్ చేతికి వచ్చేసరికి ఎక్కడ ఎన్ని అడుగులు తవ్వితే ఎన్ని ఎకరాలు తేలతాయో చెప్పగల లెక్క ఉంటుంది. దాన్ని పట్టుకుని ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్లే రైతు చేతిలో ఇప్పటిలా వట్టి అర్జీ ఉండదు.